డచ్ నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్‌కు వెళ్లనున్న మీరు, డచ్ భాషను వ్యాకరణంతో మొదలుపెట్టాలా, అంకెలతోనా అని అడిగారు. అక్కడి ఐండ్‌హోవెన్ నగరంలో గడిపిన తొలి ఏడాది అనుభవంతో చెబుతున్నాను, ముందు అంకెలు పట్టుకోండి.

ఇరవై దాటాక డచ్‌లో ఒకట్లను ముందు, పదులను తరువాత పలుకుతారు. 21ని 'ఏన్-ఎన్-ట్వింటఖ్' అంటారు, అంటే 'ఒకటీ ఇరవై'. (చివరి 'ఖ్' మన ఖకారం కాదు, గొంతులో గరగరలాడే ధ్వని.) వినాయక చవితినాటి ఏకవింశతి పత్రపూజలో ఏక ముందు, వింశతి తరువాత వస్తాయి కదా, వరుస అదే. ఈ పోలిక నాకు ఆలస్యంగా తట్టింది. అద్దె ఇల్లు చూపిస్తానన్న ఒకాయన ఫోనులో తన నంబరు చెబుతూ 'వైఫ్-ఎన్-జెస్టఖ్' అన్నప్పుడు, చెవిన పడిన వరుసలోనే 56 అని రాసుకున్నాను. ఆయన చెప్పింది 65. మళ్లీ ఆయనను పట్టుకునే దారి లేక ఆ ఇల్లు చేజారింది. అప్పటినుంచి ఎడమవైపు ఖాళీ ఉంచి, ముందు ఒకట్ల అంకె వేసి, పదుల మాట వినగానే ఆ ఖాళీ నింపడం అలవాటు చేసుకున్నాను. మీరూ రోజూ పది నిమిషాలు ఎవరిచేతనైనా అంకెలు చదివించుకుని ఇలా రాయండి. గడియారం దగ్గర కూడా జాగ్రత్త అవసరం: 'హాల్ఫ్ డ్రీ' అంటే మూడున్నర కాదు, రెండున్నర.

వ్యాకరణంలో ఇంగ్లీషు వాక్యపు వరుసను పక్కన పెట్టండి. ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉంటుంది: 'వన్‌డాఖ్ లేర్ ఇక్ నేడర్లాంట్స్', మాటకు మాట చెబితే 'ఈరోజు నేర్చుకుంటున్నాను నేను డచ్'. అయితే 'ఎందుకంటే' అనే అర్థమిచ్చే 'ఒమ్‌డాట్' చేరితే క్రియ చివరికి వెళ్తుంది: 'ఒమ్‌డాట్ ఇక్ వన్‌డాఖ్ నేడర్లాంట్స్ లేర్'. 'నేను ఈరోజు డచ్ నేర్చుకుంటున్నాను' అన్న మన వరుసే ఇది. ఇంగ్లీషు మీదుగా వచ్చినవారు తడబడే ఈ చోట తెలుగువారికి ఎంతో చనువు ఉంటుంది.

నామవాచకాలను మాత్రం విడిగా బట్టీ పట్టవద్దు. ప్రతి మాటకూ ముందు, ఇంగ్లీషు 'the'లా, 'డ' గానీ 'హెట్' గానీ ఉంటుంది, ఏది వస్తుందో చాలావరకు గుర్తుపెట్టుకోవలసిందే. ఆసరాగా నిలిచే సూత్రాలు రెండున్నాయి. చిన్న పరిమాణాన్ని సూచించే 'యె' ప్రత్యయం చేరితే ఏకవచనంలో ఎప్పుడూ 'హెట్', బహువచనమైతే ఎప్పుడూ 'డ'. నేను వంటింటి సరుకుల చీటీనే పాఠంగా చేసుకుని, పాలను 'డ మెల్క్' అనీ, రొట్టెను 'హెట్ బ్రోట్' అనీ రాసేదాన్ని. గుడ్డు ఒక్కటైతే 'హెట్ ఐ', డజను తెచ్చుకుంటే 'డ ఐయెరెన్'.