లాభం పెరిగితే షేరు పడటమేంటి?

ప్రశ్న: పలాసలో జీడిపిక్కల వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేస్తున్నాను. కిందటేడు ఒక కంపెనీ షేర్లు 420 రూపాయల చొప్పున కొన్నాను. మొన్న లాభం 15 శాతం పెరిగిందని కంపెనీ ప్రకటించింది, అదే రోజు షేరు పడింది. ఇప్పుడు 340. లాభం పెరిగితే రేటు పడటమేంటండీ? కొన్న రేటు వచ్చేదాకా ఉంచు, రాగానే అమ్మేయ్ అంటున్నాడు మా బావ. ఏం చేయమంటారు?

జవాబు: లాభం ఇంకా ఎక్కువే పెరుగుతుందని చాలామంది ముందే అనుకుని, ఆ ఆశకు తగ్గ రేటు పెట్టి కొనేసి ఉంటారు. 25 శాతం కోసం చూసినవాళ్లకి 15 చేదు వార్తే. ఇది మీకు తెలియని సంగతేం కాదు, ఈసారి కాపు బాగుందని ఉద్దానం నుంచి కబురొస్తే చాలు, పిక్కలు చెట్టు మీదుండగానే వ్యాపారులు రేటు తగ్గించి అడగరూ?

2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి సెన్సెక్స్, అంటే పెద్ద కంపెనీల షేర్ల రేట్లు మొత్తమ్మీద ఎటు పోతున్నాయో చూపే సూచీ, 2,500 పాయింట్లకు పైగా ఎగిరింది. మర్నాడు ఓట్ల లెక్కింపులో బీజేపీకి సొంతంగా మెజారిటీ రాదని తేలేసరికి దాదాపు 4,390 పాయింట్లు పడింది. ఆ ఒక్క రోజులో కంపెనీల వ్యాపారం ఏమీ కూలిపోలేదు, మారింది జనం అంచనా. 7వ తేదీకల్లా మళ్లీ 3వ తేదీ స్థాయి దాటేసింది. 4న టెన్షన్ తట్టుకోలేక అమ్ముకున్న చిన్నవాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే, వాళ్లు అమ్మిన ప్రతి షేరునీ ఎవరో ఒకరు చవగ్గా కొనుక్కున్నారు.

ఇక మీ బావ మాట. 420 అనేది మీ మనసులో ఉన్న అంకె, మార్కెట్‌కి దానితో పనిలేదు. వెయ్యి రూపాయలు వచ్చినప్పటి సంతోషం కంటే అదే వెయ్యి పోయినప్పటి బాధ మనిషికి ఎక్కువని కానమన్, ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. అందుకే లాభంలో ఉన్న షేరు తొందరపడి అమ్మేస్తాం, నష్టంలో ఉన్నదాన్ని మాత్రం ఒప్పుకోలేక ఏళ్ల తరబడి పట్టుకు కూర్చుంటాం.

ఆ లాభం అసలు వ్యాపారంలోంచి వచ్చిందా, స్థలమో మరొకటో అమ్మితే వచ్చిందా, అప్పులు పెరుగుతున్నాయా అన్నది ఫలితాల కాగితంలో చూడండి. చూశాక, ఈ షేరు మీ దగ్గర లేకపోతే ఇవాళ 340 పెట్టి కొంటారా? కొంటాననిపిస్తే ఉంచండి, లేదంటే 420 కోసం ఆగొద్దు. వడ్డీకి తెచ్చి కొని ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, అమ్మి ముందు అప్పు తీర్చేయండి.