రైతుబజారు వంకాయ జన్యుమార్పిడిదేనా?

విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో నిగనిగలాడే వంకాయలు జన్యుమార్పిడివా, తింటే ప్రమాదమా అని అడిగారు.

కావనే చెప్పాలి. పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయను కేంద్రం 2010 ఫిబ్రవరిలో నిలిపివేసింది. సాగుకు ఇప్పటికీ అనుమతి లేదు. మన రైతులు 2002 నుంచి విస్తారంగా వేస్తున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. కాయ నిగనిగ సంకరజాతి విత్తనానిది కావచ్చు. పుచ్చు లేకపోవడం మాత్రం పురుగుమందు వల్ల కావచ్చు. నా భయమల్లా ఆ మందు గురించే. పుచ్చు కనిపిస్తే మా అమ్మ అంతమేర కోసి పారేసి, మిగతాది గుత్తివంకాయకు నిక్షేపంగా వాడేది.

ఇక బీటీ సంగతి. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ (పొట్టిగా బీటీ) అనే బ్యాక్టీరియా జన్యువును మొక్కలో చేరిస్తే, మొక్కే ఒక ప్రోటీన్ తయారుచేసుకుంటుంది. ఆకు కొరికిన గొంగళిపురుగు పేగులో క్షారగుణం ఎక్కువ. అక్కడ ఆ ప్రోటీన్ చురుకై, పేగుగోడలోని ప్రత్యేక గ్రాహకాలకు అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. మన పొట్టలో ఉన్నది ఆమ్లం. ఆ గ్రాహకాలూ మనకు లేవు. పప్పులోని ప్రోటీన్‌లాగే అదీ అరిగిపోతుంది.

అలాగని జన్యుమార్పిడి పంటలన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. బ్రెజిల్ నట్ జన్యువు చేర్చిన సోయాబీన్, ఆ గింజ పడనివారికి అలర్జీ తెప్పిస్తుందని 1990లలో పరీక్షల్లోనే తేలింది. దాన్ని మార్కెట్‌లోకి రానివ్వలేదు. ఏ పంటకు ఆ పంటను విడిగా పరీక్షించాల్సిందే. పొలంలో చిక్కు వేరే ఉంది: పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని తట్టుకునే శక్తి తెచ్చుకుంది.