కారు అద్దంపై నగర స్టిక్కరు

ప్రశ్న: ఉద్యోగరీత్యా షికాగో చేరిన మా అబ్బాయి కారు కొన్నాడు. రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉన్నా నగర స్టిక్కరు వేరుగా కొనాలని, లేకపోతే ఆపి ఉంచిన కారుకే టికెట్ (జరిమానా నోటీసు) రాస్తారని అంటున్నాడు. దీనిపై అక్కడి నగర కౌన్సిల్‌లో చర్చ జరగలేదా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అబ్బాయి చెప్పింది నిజమేనండీ. రోడ్ల నిర్వహణ కోసం నగరవాసుల నుంచి వసూలు చేసే వాహన పన్నుకు ఆ స్టిక్కరే రసీదు. చర్చ జరగకపోవడం కాదు, తొలుత అది తప్పుదారిన నడిచింది. ఆదాయం పెరుగుతుందన్న ఆశతో 2011లో కౌన్సిల్ జరిమానాను 120 డాలర్ల నుంచి 200కు పెంచింది. గడువు దాటితే అది రెట్టింపై, వసూలు ఖర్చులు కలిసి 488 డాలర్లకు చేరేది. ఈ భారం నల్లజాతి వారు ఎక్కువగా నివసించే పేటలపైనే అధికంగా పడుతోందని, అప్పు తీర్చలేక వేలాది మంది దివాలా పిటిషన్లు వేస్తున్నారని ప్రోపబ్లికా ఇల్లినాయిస్ అనే వార్తాసంస్థ, డబ్ల్యూబీఈజెడ్ రేడియో 2018లో బయటపెట్టాయి. స్టిక్కరు కొనడానికే డబ్బు లేనివారిపై అంతకు మించిన జరిమానా వేసి ఖజానా నింపుకోవాలనుకోవడం, నా దృష్టిలో, లెక్క తెలియని పని. మేయర్ లోరీ లైట్‌ఫుట్ ప్రతిపాదించిన సంస్కరణలను 2019లో ఆమోదించిన కౌన్సిల్, స్టిక్కరు జరిమానా రెట్టింపయ్యే పద్ధతిని తొలగించింది. చెల్లించని పార్కింగ్ టికెట్ల కారణంగా డ్రైవింగ్ లైసెన్సును నిలిపివేయడాన్ని రాష్ట్ర చట్టం 2020 జులై నుంచి ఆపింది. స్టిక్కరు నిబంధన మాత్రం కొనసాగుతోంది. కారు కొన్న 30 రోజుల్లోగా దాన్ని తీసుకోవలసిందే.