ఆ సభలోనే అడిగిన ప్రశ్న

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పాత గ్రంథాల్లోంచి పది వాక్యాలు ఏరి, వాటిని రాసినవాళ్లందరూ అనాగరికులని తేల్చేశావు. "ఆ కాలాన్ని ఈ కాలపు కొలబద్దతో కొలవకూడదు" అని నీ స్నేహితుడు అనేసరికి ఏం చెప్పాలో తోచక టెన్షన్ పడుతున్నానన్నావు.

కోపం వదులుకోమని చెప్పను. ముందు అధ్యాయం మొత్తం చదవమంటాను. బైబిల్లో నిర్గమకాండం 21వ అధ్యాయం చూడు. యజమాని కర్రతో కొట్టాక బానిస ఒకటి రెండు రోజులు బతికితే యజమానికి శిక్ష లేదట, బానిస అతని సొత్తు కాబట్టి. చదువుతుంటే ఒళ్లు మండుతుంది. ఇంకో అయిదు వచనాలు దాటితే, కొట్టి బానిస కన్ను పోగొడితే ఆ కంటికి బదులుగా అతన్ని విడిచిపెట్టాలని ఉంటుంది. నువ్వు మొదటిదే చూపిస్తావు, నీ స్నేహితుడు రెండోదే చూపిస్తాడు. రెండూ పక్కపక్కన పెట్టి రాయి. దెబ్బ తగిలితే బానిసకు ఆ రోజుల్లోనూ నొప్పి పుట్టిందన్న సంగతి కూడా రాయి.

ఇక నీ స్నేహితుడి మాట. ఈ కాలపు కొలబద్ద అని మనం అనుకునేది చాలాసార్లు ఆ గ్రంథాల్లోనే దొరుకుతుంది. సభాపర్వంలో ద్రౌపది, తనను తీసుకెళ్లడానికి వచ్చిన దుర్యోధనుడి దూత ప్రాతికామిని వెనక్కి పంపింది. జూదంలో ధర్మరాజు మొదట తనను తాను ఓడాడా, లేక నన్ను ఓడాడా, అడిగి రమ్మంది. ధర్మం సూక్ష్మమైనదంటూ భీష్ముడు తేల్చి చెప్పలేకపోయాడు. కౌరవుల్లో ఒకడైన వికర్ణుడు లేచి, ఆమెను గెలిచినట్టు కాదన్నాడు. కర్ణుడు అతన్ని కసిరాడు. ఆ కాలానికి అదంతా మామూలే అనేస్తే ద్రౌపదినీ వికర్ణుణ్ణీ ఆ కాలంలోంచి తీసేసినట్టే కదా!

పైగా గ్రంథం పాతదైనా దాని పేరుతో చేసే పెత్తనం పాతబడదు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పరాశర స్మృతిలోంచే శ్లోకం చూపించాడు. కాదన్న పండితులూ శాస్త్రాలే చూపించారు. 1856లో చట్టం వచ్చింది. 1927 మార్చిలో, ఇప్పటి మహారాష్ట్రలోని మహద్‌లో చెరువు నీళ్లు తాగినందుకు దళితులను కొట్టారు. అదే ఏడాది డిసెంబరు 25న అంబేద్కర్ నాయకత్వంలో అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. ఆ మంట ఎప్పుడో చనిపోయినవాళ్ల కోసం వేసింది కాదు, కొట్టినవాళ్లు అప్పటికి బతికే ఉన్నారు.

అందుకే రాసినవాణ్ణి తూచేటప్పుడు అతని కాలాన్ని గుర్తుపెట్టుకో. ఆ మాటను ఇవాళ ఇంకో మనిషి మీద ప్రయోగించేవాడి విషయంలో మాత్రం మొహమాటపడకు.

మూల భాష రాకపోతే రెండు మూడు అనువాదాలు దగ్గర పెట్టుకో. అవి వేరువేరుగా ఉన్నచోట ఆగు, అక్కడ ఏదో గొడవ ఉందన్నమాట. మూడో పేరాలో "అనాగరికులు" అన్న మాట కొట్టేసి, ఆ వాక్యం వల్ల ఎవరు నష్టపోయారో, అప్పట్లోనే ఎవరైనా కాదన్నారేమో వెతికి మళ్లీ రాసి పంపు. చదవాలని ఉంది.