నాన్న తుపాకీ గురించి నీకు రాయాల్సినవి

చిరంజీవి వెంకటేశుకు మావయ్య ఆశీస్సులు.

నాన్న గదిలో డబుల్ బ్యారెల్ తుపాకీ ఇంకా అలాగే ఉందని, నువ్వు దాన్ని ఉంచుకోవాలని అనుకుంటున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. కలెక్టరేట్‌లో ఈ ఫైళ్లు ఏళ్ల తరబడి చూసినవాణ్ణి. అందుకే ఫోన్లో చెప్పి వదిలేయకుండా రాస్తున్నాను.

కొబ్బరితోట, ఇల్లు నీకు వారసత్వంగా వస్తాయి. తుపాకీ కూడా ఆస్తే. కానీ లైసెన్సు ఆస్తి కాదురా, అది బావగారితోనే పోయింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, లైసెన్సుదారు చనిపోతే ఆలస్యం చేయకుండా తుపాకీని పోలీస్ స్టేషన్లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించాలి. నాన్నగారిదే కదా అని ఇంట్లో ఉంచుకుంటే లైసెన్సు లేని తుపాకీ కిందే లెక్క. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. చదువుకున్న కుటుంబాలు కూడా ఇక్కడే ఇరుక్కోవడం చూసి ఎన్నోసార్లు బాధపడ్డాను.

కాబట్టి రేపు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లు. తుపాకీ మోసుకుపోకు. ముందు మరణ ధ్రువపత్రం, లైసెన్సు పుస్తకం పట్టుకెళ్లి ఎస్సైగారితో మాట్లాడు, ఎలా తెచ్చి ఇమ్మంటే అలా చెయ్యి. అప్పగించేటప్పుడు వాళ్ల చేతే గొట్టం వంచి తెరిపించి ఖాళీగా ఉందో లేదో చూపించమను. గొట్టం మీద చెక్కిన నంబరు, పుస్తకంలో రాసిన నంబరు ఒకటేనా అని అంకె అంకె సరిచూసుకో. మన ఉప్పుగాలికి తుప్పు పట్టి కనబడకపోతే నూనెగుడ్డతో తుడవమను. బీరువాలో ఇత్తడి అంచులకు చిలుము పట్టిన పాత తూటాలు ఉంటాయి, అవి కూడా లెక్కబెట్టి ఇచ్చెయ్. రసీదులో నంబరు, తూటాల లెక్క రెండూ ఉండాలి. అది లేకుండా బయటికి రాకు.

ఆ తర్వాత నీ పేరున లైసెన్సుకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టు. వయసు 21 దాటాలి, నీకు ఆ బాధ లేదు. మిగతా వారసుల నిరభ్యంతర పత్రం కావాలి కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న చెల్లాయి సంతకం ఇప్పుడే తెప్పించు. తుపాకీ జాగ్రత్తగా వాడడంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. పోలీసు విచారణ ఉంటుంది. కొడుకువి కాబట్టి ఇచ్చి తీరాలని లేదు. కాదంటే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఒక మాట. 2022లో తూర్పుగోదావరి నుంచి కోనసీమ జిల్లా విడిపోయింది. నాన్న లైసెన్సు మన జిల్లా కేంద్రం కాకినాడగా ఉన్న కాలంనాటిది. పాత ఫైలు కొత్త కేంద్రం అమలాపురం చేరిందో లేదో ముందే కనుక్కో.

ఉంచుకోవడం ఇష్టం లేకపోతే తుపాకీ స్టేషన్లో ఉండగానే, లైసెన్సున్నవాళ్లకి అమ్మి డబ్బు తీసుకునే హక్కు వారసులకి ఉంది. గడువు దాటేదాకా పట్టించుకోకపోతే మాత్రం ప్రభుత్వానికి జప్తు అవుతుంది. ఇంకోటి కొందామన్నావట. ఒకరికి రెండే. 2019కి ముందు మూడు ఉండేవి.

చెరువుల మీద వాలే నీటికాకుల్ని, కొంగల్ని కొట్టడానికి పనికొస్తుందని అన్నావట. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. తుపాకీ లైసెన్సు వేటకి అనుమతి కాదు. చాలామటుకు ఆ పక్షులకి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. లైసెన్సు అక్కర్లేని చిన్న ఎయిర్‌గన్‌తో కొట్టినా అది నేరమే. చెరువు మీద వల కట్టించు.

పెళ్లిలోగానీ సంక్రాంతి బరుల దగ్గరగానీ సరదాకి గాల్లోకి పేల్చినా, ఎవరికైనా ప్రమాదమయ్యేలా ఉంటే రెండేళ్ల వరకు జైలుగానీ లక్ష వరకు జరిమానాగానీ, లేదా రెండూనూ. ఎన్నికలప్పుడు అప్పగించమంటే మారుమాట్లాడకుండా ఇచ్చెయ్. లైసెన్సు ఐదేళ్లే, గడువుకి ముందే రెన్యువల్‌కి పెట్టాలి.

లైసెన్సు పుస్తకం నాన్న పాత సూట్‌కేసులో ఉండొచ్చు, అమ్మని అడుగు. దొరక్కపోయినా స్టేషన్‌కి వెళ్లడం మాత్రం ఆపకు. రసీదు రాగానే ఫొటో తీసి నాకు పంపించు.

మీ మావయ్య