సమాధానం: జీతం రోజునే అమ్మతో గొడవ ఎందుకవుతోందంటే

జీతం వచ్చిన రోజునే అమ్మ గొడవపడి కొడుతోందని, మారుతండ్రి మీ ఇద్దర్నీ కొడుతున్నాడని రాశావు, చెల్లీ. అమ్మ కోపం నీ జీతం మీద కాదు. ఆ డబ్బు మీ మారుతండ్రి చేతిలో పెట్టకపోతే రాత్రికి దెబ్బలు తనకే. గుంటూరు మిర్చి యార్డు దగ్గర పొద్దంతా తొడిమలు తీసి, మంటపుట్టే వేళ్లతో ఇంటికొచ్చి ఆ భయం నీ మీద చూపిస్తోంది. "వాణ్ని వదిలెయ్" అని నువ్వన్నప్పుడల్లా ఆమెకు అద్దె గుర్తొస్తుంది. అలాగని అమ్మ నిన్ను కొట్టడం మాత్రం తప్పే.

1. వాడు లేనప్పుడు మాట్లాడు. ముందు అద్దె, బియ్యం లెక్క. వాడి సంగతి తర్వాత.

2. జీతం నీ ఒక్కదాని ఖాతాలో పడాలి. ఆధార్, ఏటీఎం కార్డు నమ్మకమైన వాళ్ల దగ్గర ఉంచు.

3. అందరూ వదిలేసేది ఇదే. అమ్మ ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. వాడు నిన్నూ కొడుతున్నాడని రాశావు కాబట్టి, 2005 గృహహింస చట్టం కింద నువ్వే ఫిర్యాదు చేయొచ్చు. ఈ చట్టం కింద ఫిర్యాదులు తీసుకునే జిల్లా రక్షణ అధికారి దగ్గర, జరిగినదంతా నివేదికగా రాయించు. దెబ్బ కమిలి ఉండగానే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని చీటీ దాచు. అద్దె ఇల్లయినా సరే, వాణ్నే బయటికి వెళ్లమని మేజిస్ట్రేటు ఆదేశించొచ్చు. ఈ మాట అమ్మకు తప్పకుండా చెప్పు. ఇల్లు వదలాల్సింది తనే అనుకుంటోంది పాపం.

4. లాయరు ఖర్చుకు భయపడకు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా, ఉచితం.

వాడు చెయ్యెత్తితే వెంటనే 112. సలహాకి, ఆశ్రయానికి 181, ఏ వేళయినా.