టెక్సాస్‌లో పాత బోటు కొంటున్నాం, మోటరుకి టైటిల్ లేదంటున్నాడు: ఫర్వాలేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నారు. ఒకాయన 18 అడుగుల ఫిషింగ్ బోటు, దాని అవుట్‌బోర్డ్ మోటరు, ట్రైలరు మూడూ కలిపి 11,000 డాలర్లకి ఇస్తానంటున్నాడు. బోటు టైటిల్ (అది ఎవరి సొంతమో చెప్పే కాగితం) ఉంది, మోటరు టైటిల్ లేదు. "బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం రసీదు) రాసిస్తాను, అది చాలు" అంటున్నాడు. ఇదంతా డీఎంవీలో (బళ్ళ రిజిస్ట్రేషన్లు చూసే ఆఫీసులో) చేయించుకోవాలా, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ పేరున బోటు రిజిస్టర్ అవుతుందా అని అడిగారు. శనివారం డబ్బు పట్టుకుని వెళ్తున్నామని కూడా రాశారు.

శనివారం వెళ్ళండి, బోటు చూడండి, డబ్బు మాత్రం ఇవ్వకండి.

నాలుగేళ్ళ క్రితం నేను సరిగ్గా ఇదే బేరం చేశాను. 17 అడుగుల అల్యూమినియం బోటు, 60 హార్స్‌పవర్ మోటరు. బోటు, మోటరు కలిపి 9,000, ట్రైలరు విడిగా. పుట్టి పెరిగింది నరసాపురం దగ్గర. సఖినేటిపల్లి రేవుకి పంటు మీద దాటుతూ పెద్దయినవాణ్ణి, పడవల గురించి నాకొకరు చెప్పాలా అన్న ధీమా ఒకటి. పంటు ఎక్కడం వేరు, టెక్సాస్‌లో బోటు కాగితాలు వేరు అని తర్వాత తెలిసింది.

మనం బోటు అనుకునేది టెక్సాస్ లెక్కలో ఒక వస్తువు కాదు, మూడు. హల్‌కి, అంటే మోటరు కాకుండా బోటు ఒంటికి, ఒక టైటిల్. అవుట్‌బోర్డ్ మోటరుకి ఇంకో టైటిల్. ట్రైలరుది వేరే ఆఫీసు, వేరే కాగితం. ఇంజన్ లోపలే బిగించి ఉండే ఇన్‌బోర్డ్ బోట్లకి ఇంజన్ టైటిల్ గొడవ లేదు. వెనక తగిలించే అవుట్‌బోర్డ్ అయితే ఎన్ని హార్స్‌పవరైనా దానికంటూ సొంత టైటిల్ ఉండాల్సిందే. టైటిల్ ఉండాల్సిన బోటునైనా మోటరునైనా ఆ టైటిల్ చేతికివ్వకుండా అమ్మడం ఇక్కడి చట్టానికే విరుద్ధం. బిల్ ఆఫ్ సేల్ మీరు ఎంత పెట్టి కొన్నారో చెప్తుంది. ఆ మోటరు అమ్మినాయనదేనని చెప్పదు.

అసలు మోటరు టైటిళ్ళే ఎందుకు మాయమవుతాయంటే, బోటు హల్ ఇరవై ఏళ్ళైనా నిలుస్తుంది, మోటరు అంతకాలం రాదు. మధ్యలో ఎవరో ఒకరు పాతది పీకేసి, ఇంకెవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌ది కొని బిగిస్తారు. బోటు టైటిల్ తన పేరునే ఉంది కదా అని మోటరు కాగితం టేబుల్ సొరుగులో పడేస్తారు. నాకు అమ్మినాయన చేసిందీ అదే. మోటరు టైటిల్ నా చేతిలో పెట్టాడు, నేను సంతోషంగా మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అందులో ఉన్న పేరు ఆయనది కాదు, ఆయనకి మోటరు అమ్మినాయనది.

అప్పటికే డబ్బు ఇచ్చేశాను. ఆ పాత ఓనరు టైలర్ అనే ఊరి దగ్గరెక్కడో ఉంటున్నాడు. ఆయన్ని పట్టుకుని, సంతకం పెట్టించి, మోటరు ముందు నాకు అమ్మినాయన పేరుకి, అక్కణ్ణించి నా పేరుకి మారేసరికి దాదాపు రెండు నెలలు. అదనంగా పడ్డ ఖర్చులో సగం నేనే పెట్టుకున్నాను, వాదించే ఓపిక లేక. ఆ రెండు నెలలూ బోటు మా డ్రైవ్‌వేలో కవరు కప్పుకుని కూర్చుంది. మూడో వారానికే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) నుంచి లెటరు.

అందుకే ముందు మీరు చేయాల్సింది అమ్మేవాణ్ణి మూడు నంబర్లు ఫోటో తీసి పంపమనడం: బోటు ముందు భాగంలో ఉండే టీఎక్స్ నంబరు (రిజిస్ట్రేషన్ నంబరు), హల్ నంబరు, మోటరు సీరియల్ నంబరు. ఈ వ్యవహారమంతా చూసేది డీఎంవీ కాదు, టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్. మీకు ఫిషింగ్ లైసెన్స్ ఇచ్చేదీ వాళ్ళే. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఈ నంబర్లు కొడితే బోటు ఎవరి పేరున ఉందో, మోటరు ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. మోటరు అమ్మేవాడి పేరునే ఉండి, కాగితం మాత్రం పోగొట్టుకుని ఉంటే అది చిన్న విషయం. డూప్లికేట్ టైటిల్ ఆయన్నే తెప్పించమనండి, వచ్చాక కొనండి. వేరే పేరు కనిపిస్తే నా కథ మళ్ళీ చదువుకోండి. బ్యాంకు అప్పు ఇంకా తీరనట్టు కనిపిస్తే, లియన్ రిలీజ్ కాగితం (అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చేది) చూసేదాకా బేరం ఎత్తొద్దు. పాత ఓనరు అసలు దొరక్కపోతే బాండ్ కట్టి టైటిల్ తెచ్చుకునే దారి ఒకటుంది కానీ, ఆ తలనొప్పి అమ్మేవాడు పడాలి, కొనేవాడు కాదు.

హల్ నంబరు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అక్కడా దెబ్బ తిన్నాను. దీన్ని హెచ్‌ఐఎన్ అంటారు. బోటు వెనక గోడ మీద, కుడివైపు పైమూలన చెక్కి ఉంటుంది. మొత్తం పన్నెండు స్థానాలు. మొదటి మూడు అక్షరాలు తయారీదారుడి కోడ్, తర్వాతి ఐదు సీరియల్, చివరి నాలుగు తేదీ. ఉదాహరణకి చివర "డి606" అని ఉంటే, డి అంటే నాలుగో నెల ఏప్రిల్, దాని పక్క 6 అంటే 2006, ఆఖరి 06 మోడల్ సంవత్సరం. 1984 ఆగస్టు తర్వాత తయారైనవాటికి ఇదే పద్ధతి. అమ్మేవాడు 2012 మోడల్ అంటుంటే చివర 06 కనిపిస్తే ఇంక అడగాల్సిందేమీ లేదు.

నేను చూసిన రోజు ఆ చోటంతా పాచి పట్టి ఉంది. తడిగుడ్డతో తుడిచి, ఫోన్ లైటు వేసి, కళ్ళు చికిలించి రాసుకున్నాను. ఆఫీసులో కౌంటరు దగ్గరున్నావిడ నా ఫారం ఒక్కసారి చూసి పక్కన పెట్టేసింది. సీరియల్ ఐదు స్థానాల మధ్య నేను "ఓ" అనే అక్షరం రాశాను. ఆ ఐదింటిలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడకూడదని రూలట, అంకెలతో కలిసిపోతాయని. అది సున్నా. అలా అయితే మార్చి రాసిస్తానన్నాను, ఒప్పుకోలేదు, రుజువు కావాలంది. ఇంటికెళ్ళి ఆ నంబరు మీద తెల్లకాగితం పెట్టి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దినట్టు పెన్సిల్‌తో రుద్దాను. ఫోటోలో తేలని అంకె అందులో చక్కగా తేలింది. మీరు శనివారం వెళ్ళేటప్పుడు ఒక గుడ్డ, ఒక పెన్సిల్, రెండు కాగితాలు పట్టుకెళ్ళండి. మోటరు నంబరు దాన్ని బోటుకి బిగించే బ్రాకెట్ మీద చిన్న ప్లేటులో ఉంటుంది. దాన్నీ రుద్దుకోండి. టైటిల్ మీది నంబరుతో ఒక్కో అక్షరం పోల్చి చూడండి. టైటిల్‌లో ఇద్దరి పేర్లుంటే, భార్యాభర్తలైనా సరే, ఇద్దరి సంతకాలూ తీసుకోండి.

ఇక ఫారాలు: బోటుకి పీడబ్ల్యూడీ 143, మోటరుకి పీడబ్ల్యూడీ 144. కొన్న ధర బోటుకెంత, మోటరుకెంత అని విడివిడిగా రాయాలి. కాబట్టి బిల్ ఆఫ్ సేల్‌లో 11,000 అని గుండుగుత్తగా కాకుండా మూడింటికీ మూడు ధరలు రాయించుకోండి. సేల్స్ టాక్స్ 6.25 శాతం. నాకు 9,000 మీద 562 డాలర్ల 50 సెంట్లు పడింది. టైటిల్ ఫీజు ఒక్కోదానికి 27, అంటే రెండింటికీ 54. రిజిస్ట్రేషన్ రెండేళ్ళకి, పొడవుని బట్టి: 16 అడుగుల లోపు 32 డాలర్లు, 16 నుంచి 26 లోపు 53. మీ 18 అడుగులదీ 53లోకే వస్తుంది. కట్టే ముందు ఆ రోజు రేటు ఒకసారి చూసుకోండి. కొన్న దగ్గర్నించి 45 పనిదినాల్లోగా టాక్స్ కట్టాలి. చాలా టైమున్నట్టే ఉంటుంది, ఒక్క కాగితం తక్కువైతే ఇట్టే అయిపోతుంది. వైల్డ్‌లైఫ్ వాళ్ళ ఆఫీసులోనే కాక కొన్ని కౌంటీ టాక్స్ ఆఫీసుల్లో కూడా తీసుకుంటారు. అన్నింట్లో కాదు, ఫోన్ చేసి వెళ్ళండి.

ట్రైలరుకి కౌంటీ టాక్స్ ఆఫీసే. లోడుతో కలిపి 4,000 పౌండ్లు దాటితే దానికీ టైటిల్ ఉండాలి, దాటకపోతే రిజిస్ట్రేషన్ చాలు.

వీసా సంగతి: హెచ్1బీ మీదున్నా మీ పేరున రాష్ట్ర రిజిస్ట్రేషన్ అవుతుంది. నేను చేయించినప్పుడు నాదీ హెచ్1బీయే, డ్రైవింగ్ లైసెన్స్ కాపీ పెట్టాను. అమెరికా పౌరులే అయ్యుండాలన్న మాట మీరెక్కడో విని ఉంటారు. అది కోస్ట్ గార్డ్ దగ్గర చేయించే ఫెడరల్ డాక్యుమెంటేషన్‌కి, అదీ ఐదు నెట్ టన్నులు, ఆపైన ఉండే పెద్ద బోట్లకి. మన చెరువు బోట్లకి దాంతో పనిలేదు.

అన్నీ అయ్యాక నంబరు అతికించడం ఉంది చూశారూ, నాకు బాగా నవ్వొచ్చింది అక్కడే. అక్షరాలు మూడు అంగుళాలకి తగ్గకూడదు, బోటు రంగు మీద కొట్టొచ్చినట్టు కనపడాలి, టీఎక్స్‌కీ అంకెలకీ, అంకెలకీ చివరి అక్షరాలకీ మధ్య ఒక అక్షరమంత ఖాళీ వదలాలి. రెండు పక్కలా ఎడమ నుంచి కుడికే చదవాలి. మా అబ్బాయి ఎడమపక్క బాగానే అతికించాడు. కుడిపక్కకొచ్చేసరికి బోటు ముక్కు కుడివైపుంటుంది కదా, "నాన్నా, ఇటుపక్క తిరగేసి రాయాలా?" అన్నాడు. వద్దురా అని చెప్పి, గడువు స్టిక్కరు మాత్రం నేనే తప్పుగా పెట్టాను. స్టిక్కరు నంబరుకి వెనకవైపు, అంటే బోటు అమరం వైపు ఉండాలి. ఎడమపక్క నంబరు అయిపోయాక వస్తుంది, కుడిపక్క టీఎక్స్ కన్నా ముందే వస్తుంది. రెండు పక్కలా నంబరు చివరనే అంటించేశాను. హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి పీకి మళ్ళీ అతికించేసరికి సాయంత్రమైంది. రిజిస్ట్రేషన్ కార్డు ఎప్పుడూ బోటులోనే ఉండాలి. మేం జిప్ కవర్లో వేసి పెడతాం.

మీరు అడగలేదు కానీ, 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసుండాలి. ఆన్‌లైన్‌లో ఉంది. నా వయసుకి అక్కర్లేదు, అయినా చేశాను. దారిలో ఎవరికి ఎవరు తప్పుకోవాలో అందులోనే తెలిసింది. పదమూడేళ్ళ లోపు పిల్లలకి ఇంత చిన్న బోటులో కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి.

కింద కామెంట్లలో ఇంకొకరు కయాక్‌కి కూడా ఇదంతా కావాలా అని అడిగారు. తెడ్డుతో వేస్తే అక్కర్లేదు. దానికి బ్యాటరీతో నడిచే చిన్న ట్రోలింగ్ మోటరు తగిలించారా, అది మోటరు బోటే. టైటిల్, రిజిస్ట్రేషన్, నంబరు అన్నీ కావాలి. వేరే రాష్ట్రం నుంచి మారి వచ్చినవాళ్ళకి పాత రిజిస్ట్రేషన్ మీద ఇక్కడ 90 రోజులు నడుస్తుంది, ఆ తర్వాత టెక్సాస్ నంబరు తీసుకోవాలి.

బోటుకి పేరు రాసుకోవచ్చా అన్నది మీ ఆఖరి ప్రశ్న. రాసుకోవచ్చు, నంబరుకి అడ్డం రాకుండా వెనకవైపు రాసుకోండి. ముందు భాగంలో మాత్రం రిజిస్ట్రేషన్ నంబరు తప్ప ఇంకో నంబరేదీ ఉండకూడదు. మాదానికి మా ఆవిడ ఒక పేరంటుంది, అబ్బాయి ఇంకోటంటాడు, నాలుగేళ్ళైనా తేలలేదు. ప్రస్తుతానికి టీఎక్స్ నంబరుతోనే తిరుగుతోంది.